గంట కౌన్సెలింగ్ సరే, మిగతా రోజంతా?

(తెర మీద: భోజనాల బల్ల. గోడ దగ్గర బోర్లాపడ్డ ప్లేటు.)

కోపం అదుపుతప్పిన పిల్లల్ని ఉంచి చూసుకునే ఒక రెసిడెన్షియల్ సెంటర్. భోజనాల వేళ అనుకోండి. పదకొండేళ్ల కుర్రాడు. పక్కవాడి మోచెయ్యి తగిలింది, అంతే, ప్లేటు తీసి గోడకేసి కొట్టాడు. ఆ వెంటనే కుర్చీ ఎత్తాడు. ఇంట్లో అయితే తర్వాత ఏం జరుగుతుందో తెలిసిందే: కేకలు, ఓ దెబ్బ, ధడాలున తలుపు. ఇక్కడ మాత్రం ఒకావిడ మిగతా పిల్లల్ని పక్కగదికి పంపించేసింది. ఇంకొకాయన వాడికి కాస్త దూరంగా నేల మీద కూర్చున్నాడు. ఉపన్యాసం లేదు, "ఎందుకు చేశావ్" లేదు. వాడి ఊపిరి నెమ్మదించాక మెల్లిగా అడిగాడు: "చెయ్యి తగిలినప్పుడు, వాడు కావాలనే చేశాడనిపించిందా?"

కుర్రాడు తలూపాడు.

ఆ తలూపడం కోసమే ఈ ఏర్పాటంతా. దూకుడు ఎక్కువున్న పిల్లల్లో చాలామందికి పొరపాటున తగిలింది కూడా కావాలని కొట్టినట్టే అనిపిస్తుంది. కెన్నెత్ డాడ్జ్ అనే సైకాలజిస్టు 1980 నుంచి దీని మీద పరిశోధనలు చేశారు. ఆ అపార్థాన్ని అది పుట్టిన చోటే, ఇంకా వేడిగా ఉండగానే పట్టుకోవాలి. వారం తర్వాత క్లినిక్‌లో అడిగితే "ఏమో, గుర్తులేదు" అంటాడు.

(తెర మీద: పడకగది, గడియారం, దంతాల బ్రష్.)

రెసిడెన్షియల్ ట్రీట్‌మెంట్ అంటే ఇదే. పిల్లాడు కొన్ని నెలలు అక్కడే ఉంటాడు, అక్కడే చదువుకుంటాడు. కౌన్సెలింగ్ రోజుకి ఓ గంట ఉంటుందేమో. మిగతా 23 గంటల్లో నిద్ర లేపేవాళ్లు, అన్నం పెట్టేవాళ్లు, రాత్రి లైట్లు ఆర్పేవాళ్లే అసలు వైద్యులు. నన్నడిగితే బ్రోషర్లో డాక్టర్ల డిగ్రీల కన్నా నైట్ డ్యూటీ వాళ్లకి ఏం ట్రైనింగ్ ఇచ్చారో ముందు చూడాలి.

ఇది మామూలు అల్లరికి కాదు. తనకో, ఎదుటివాళ్లకో ప్రమాదం తెచ్చేంత వరకూ వెళ్లి, ఇంటి దగ్గర చేయగలిగినవన్నీ చేసినా అదుపులోకి రానప్పుడే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1946లో ఫ్రిట్జ్ రెడ్ల్ అనే ఆస్ట్రియా మనిషి అమెరికాలోని డెట్రాయిట్‌లో పయొనీర్ హౌస్ అని ఒక ఇల్లు తెరిచాడు. ఎవరూ భరించలేని మగపిల్లల్ని అందులో పెట్టుకున్నాడు. ఈ పిల్లల్లో కోపాన్ని ఆపే బ్రేకులు సరిగా తయారవలేదని ఆయన వాదన. గొడవ జరిగిన చోటే, జరిగిన కాసేపటికే మాట్లాడే పద్ధతి ఆయనదే. పాపం, రెండేళ్లు తిరక్కుండానే డబ్బుల్లేక ఆ ఇల్లు మూతపడింది.

(తెర మీద: వలయంగా కూర్చున్న టీనేజర్లు. ఒకడు ఏదో చెబుతున్నాడు, మిగతావాళ్లు నవ్వుతున్నారు.)

ఈ నవ్వుని గమనించండి. ఒకడు గోడ దూకిన సంగతి చెప్తాడు, పక్కవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వే బహుమతి. థామస్ డిషియన్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది: దారి తప్పుతున్న టీనేజర్లని ఒక గుంపుగా కూర్చోబెట్టి సాయం చేయబోతే కొందరిలో పొగతాగడం, అల్లరి పనులు ఇంకా పెరిగాయి. రెసిడెన్షియల్ సెంటర్ అంటేనే ఇలాంటి పిల్లల గుంపు. అందుకే ఎంతమంది పిల్లలకి ఒక స్టాఫ్ మనిషి ఉన్నారన్నది చిన్న విషయం కాదు.

దీనికి విరుగుడుగా పుట్టినవీ ఉన్నాయి. అమెరికాలోని ఆరెగాన్‌లో ప్యాట్రీషియా చాంబర్లెయిన్ అనే పరిశోధకురాలి బృందం 1983లో వేరే దారి పట్టింది. ట్రైనింగ్ ఇచ్చిన ఒక కుటుంబంలో ఒక్క పిల్లాణ్ణే ఉంచారు. ఈలోగా సొంత తల్లిదండ్రులకి కూడా నేర్పించారు. స్కాట్ హెంగ్లర్ అనే సైకాలజిస్టు రూపొందించిన మల్టీసిస్టమిక్ థెరపీలో అయితే పిల్లాడు ఇల్లు కదలడు, థెరపిస్టే ఇంటికొస్తాడు. మీకు అందుబాటులో ఉంటే ముందు వీటి గురించి కనుక్కోండి.

ఇక సెంటరే తప్పదంటే, మొహమాటం పక్కనపెట్టి అడగండి. పిల్లల్ని బలవంతంగా పట్టి ఆపాల్సి వచ్చింది పోయిన నెల ఎన్నిసార్లు? రాసి పెట్టారా? బోర్లా పడేసి అదిమితే ఊపిరాడక ప్రాణం పోవచ్చు, అలాంటిది మా దగ్గర లేదని కాగితం మీద ఇస్తారా? పక్కన ఎవరూ లేకుండా మా పిల్లాడు మాతో ఫోన్లో మాట్లాడొచ్చా? ఇలాంటి సెంటర్లలో మూసిన తలుపుల వెనక పిల్లలు పడ్డ హింస గురించి అక్కడ పెరిగినవాళ్లే ఏళ్ల తరబడి గొంతు విప్పితే, 2024 డిసెంబరుకి అమెరికాలో దాని మీద ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. కాబట్టి ఈ ప్రశ్నలు అడిగినందుకు ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

(తెర మీద: ఇంటి గుమ్మం, చిన్న బ్యాగు.)

ఇంకొకటి. అక్కడ కుదురుగా ఉన్నవాడు ఇంటికొచ్చిన నెలకే మళ్లీ మొదటికి రావచ్చు. ఎందుకంటే అన్ని నెలల్లో మారింది వాడొక్కడే, ఇల్లు అలాగే ఉంది. కాబట్టి చేర్చే రోజునే అడగండి: వాడు మీ దగ్గరున్నన్నాళ్లూ మాకేం నేర్పిస్తారు? శని, ఆదివారాలు ఇంటికి పంపి చూస్తారా? వచ్చేశాక, రాత్రి పదింటికి మళ్లీ ప్లేటు గోడకి తగిలితే, మా ఫోన్ ఎత్తేదెవరు? పేరు, నంబరు చెప్పమనండి. చెప్పలేకపోతే సంతకం చెయ్యకుండా లేచి వచ్చేయండి.