బస్సును కదిలించేది ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో బయలుదేరిన బస్సు అలిపిరి దాటి కొండెక్కుతున్నప్పుడు, దాన్ని పైకి తీసుకుపోతున్నది ఏమిటని అడిగితే చాలామంది ఇంజన్ అంటారు. దిగేటప్పుడు వేగాన్ని అదుపు చేసేది ఏమిటంటే బ్రేకు అంటారు. భౌతికశాస్త్రం ప్రకారం ఈ రెండు జవాబులూ సగమే నిజం. ఇంజనూ బ్రేకూ బస్సులోని భాగాలే. లోపలి భాగాలు ఒకదాన్నొకటి ఎంత నెట్టుకున్నా, ఆ నెట్టుడు లోపలికి లోపలే సరిపోతుంది. చెడిపోయి నిలిచిపోయిన బస్సులో ప్రయాణికులందరూ కూర్చున్నచోటి నుంచే ముందు సీట్లను బలంకొద్దీ నెట్టినా బస్సు ముందుకు సాగదు. ఆ ప్రయాణికులే కిందికి దిగి, నేలకు కాళ్లు తన్నిపెట్టి వెనకనుంచి నెడితే సాగుతుంది. మనుషులు వాళ్లే, సత్తువ అదే. కొత్తగా వచ్చి చేరింది నేల.

బలం ఎప్పుడూ రెండు వస్తువుల మధ్యే పుడుతుంది. 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’లో న్యూటన్ చెప్పిన మూడో సూత్రం ఇదే: ఒక వస్తువు రెండోదాన్ని ఎంత బలంతో నెడితే, రెండోది మొదటిదాన్ని అంతే బలంతో ఎదురు దిశలో నెడుతుంది. ఇందులో ఒకటి ముందు, ఇంకొకటి తర్వాత అన్నది లేదు. రెండూ ఒకే క్షణంలో పుట్టి ఒకే క్షణంలో పోతాయి. బడిపిల్లలు ఈ సూత్రాన్ని తడుముకోకుండా అప్పజెబుతారు గానీ, రెండు బలాలూ సమానమైతే ఒకదానికొకటి చెల్లిపోవాలి కదా, ఇక ఏదైనా ఎలా కదులుతుందని అడిగే పిల్లలు తక్కువ. అడిగిన పిల్లకు నేనైతే ముందు మెచ్చుకోలు చెప్పి, ఆ తర్వాతే జవాబు చెబుతాను.

చిత్తూరు వైపు చెరకు తోలే ట్రాక్టర్‌ను చూడండి. ట్రాక్టర్ ట్రాలీని ఎంత బలంతో ముందుకు లాగుతుందో, ట్రాలీ ట్రాక్టర్‌ను అంతే బలంతో వెనక్కి లాగుతుంది. అయితే మొదటి బలం పడేది ట్రాలీ మీద, రెండోది పడేది ట్రాక్టర్ మీద; వేర్వేరు వస్తువుల మీద పడిన బలాలు ఒకదానితో ఒకటి చెల్లవు. ట్రాలీ కదులుతుందా లేదా అన్నది తేల్చాలంటే ట్రాలీ మీద పడేవాటినే లెక్కకు తీసుకోవాలి: ముందుకు ట్రాక్టర్ లాగుడు, వెనక్కి నేల రాపిడి. ట్రాక్టర్‌కూ అదే లెక్క. దాని పెద్ద టైర్లు మట్టిని వెనక్కి తోస్తాయి, మట్టి టైర్లను ముందుకు తోస్తుంది. బురదలో దిగబడినప్పుడు ఇంజన్ గొంతు చించుకున్నా చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడానికి కారణం, ఎదురు తోయవలసిన మట్టి జారిపోవడమే.

మళ్లీ ఘాట్ రోడ్డుకు వద్దాం. ఇప్పుడు కొండ దిగడానికి వాడుతున్నది 1944లో తెరిచిన పాత రోడ్డు. ఎక్కడానికి వాడుతున్నది 1974లో వచ్చిన రెండో రోడ్డు. పాత రోడ్డు మలుపుల్లో బస్సు వంగి తిరిగినప్పుడు, మనల్ని ఎవరో బయటివైపుకు తోస్తున్నట్టు ఉంటుంది. తోసేది ఎవరో చూపించమంటే మాత్రం ఎవరూ దొరకరు. బలం పేరెత్తినప్పుడల్లా ‘ఎవరు, ఎవరి మీద’ అన్న రెండు ప్రశ్నలకూ జవాబు రావాలి. రాకపోతే ఆ బలాన్ని నమ్మనక్కర్లేదు. నిజానికి మన ఒళ్లు తిన్నగా పోతూనే ఉంటుంది, బస్సే పక్కకు తిరుగుతుంది. బస్సు గోడ, సీటు అంచు, పట్టుకున్న కమ్మీ మనల్ని లోపలివైపుకు నెట్టి తమతో తిప్పుకుంటాయి. బస్సును అలా లోపలికి నెట్టేది రోడ్డు.

ఇరవై మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో బస్సు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, అరవై కిలోల మనిషిని తిప్పడానికి 75 న్యూటన్ల బలం కావాలి. అంటే ఏడెనిమిది కిలోల బరువంత. వేగం 36 కిలోమీటర్లయితే ఆ బలం రెండింతలు కాదు, నాలుగింతలై 300 న్యూటన్లవుతుంది. బస్సు సంగతీ అంతే: సమతలంగా ఉన్న మలుపులో ఆ వేగానికి బస్సు బరువులో సగమంత బలంతో రోడ్డు దాన్ని పక్కకు నెట్టాలి. వాన పడిన తారురోడ్డు మీద టైరుకు దొరికే పట్టు దాదాపు అంతే. అరిగిన టైరుకు అదీ దొరకదు. బ్రేకుకూ ఇదే వర్తిస్తుంది. బ్రేకు చక్రం తిరుగుడును ఆపుతుంది, బస్సును ఆపేది రోడ్డు. ఘాట్ రోడ్డులో వేగానికి కళ్లెం వేస్తే విసుక్కునేవారు ఈ లెక్క ఒక్కసారి చేసి చూడాలి.

తాకకుండా లాగే బలం గురుత్వాకర్షణ. బంగారుపాళ్యం తోటలో మూడు వందల గ్రాముల తోతాపురి కాయ రాలినప్పుడు, భూమి దాన్ని సుమారు మూడు న్యూటన్ల బలంతో లాగుతుంది. కాయ కూడా భూమిని అదే మూడు న్యూటన్లతో పైకి లాగుతుంది. బలం సమానమే అయినా, భూమి ద్రవ్యరాశి ఆరు పక్కన ఇరవై నాలుగు సున్నాలు పెట్టినన్ని కిలోలు కాబట్టి, దాని కదలికను కొలవడం ఎవరి తరమూ కాదు. చిన్న వస్తువులు కూడా ఇలా లాగుకుంటాయని 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గుండ్లతో కొలిచి చూపించాడు. అరవై కిలోల మనుషులు ఇద్దరు మీటరు ఎడంలో నిలబడితే వాళ్ల మధ్య ఆకర్షణ దోమ బరువులో సుమారు నూరో వంతే ఉంటుంది. దర్శనం క్యూలో వెనకనుంచి తగిలే తోపు వేరే జాతి బలం; అది ఒంట్లోని అణువుల ఎలక్ట్రాన్ల మధ్య విద్యుత్ వికర్షణ. రాపిడి, సీటు ఒత్తిడి, తాడు బిగువు అన్నీ విద్యుత్ బలాల కోవలోవే.

మరి ఎదురు నెట్టడానికి నేలా గాలీ ఏదీ లేనిచోట ఏం చేయాలి? 1920లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక సరిగ్గా ఇదే సందేహంతో రాకెట్ శాస్త్రజ్ఞుడు గొడ్డార్డ్‌ను ఎగతాళి చేసింది. మనుషులు చంద్రుడి దారి పట్టాక, 1969 జులై 17న, తన పొరపాటును ఒప్పుకుంటూ సవరణ వేసుకుంది. రాకెట్ నేలనో గాలినో ఆసరా చేసుకోదు. నెట్టవలసిన రెండో వస్తువును తనతోనే మోసుకుపోతుంది. 2022 నుంచి మన తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోటలో పైకి లేచే పీఎస్‌ఎల్‌వీ బరువు, అదనపు బూస్టర్లు తగిలించిన రకంలో, సుమారు 320 టన్నులు. అందులో చాలా భాగం ఇంధనమే. అది మండి వాయువై కిందికి దూసుకుపోతుంటే, ఆ వాయువే రాకెట్‌ను పైకి నెడుతుంది.

2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను కక్ష్యలో వదిలింది. వాటిని స్ప్రింగులు బయటికి నెట్టాయి. నెట్టిన ప్రతిసారీ రాకెట్ చివరి దశ కూడా ఎదురు దిశలో ఆ మేరకు జరిగింది. కాబట్టి ఏ ఉపగ్రహాన్ని ఏ క్షణాన, ఏ దిక్కుకు వదిలితే అవి ఒకదానితో ఒకటి ఢీకొనకుండా ఉంటాయో ఇంజనీర్లు ముందే లెక్కగట్టి పెట్టుకోవలసి వచ్చింది.

నమస్కారం.