ఇంట్లో చేసుకుంటే నిజంగా కలిసొస్తుందా? వంటింటి లెక్కలు, ఒక దుప్పటి పెట్టె

[తెర మీద: గాజు గిన్నెలో వంటసోడా. పైనుంచి వెనిగర్ పోయగానే బుసబుసా పొంగే నురగ.]

ఈ నురగ చూడ్డానికి భలే ఉంటుంది. "ఇంట్లోనే క్లీనర్, దాదాపు ఉచితం" అంటూ ఇలాంటి వీడియోలు మీరు చాలానే చూసుంటారు. కానీ ఆ నురగ వల్ల శుభ్రమయ్యేది పెద్దగా ఏమీ లేదు. వెనిగర్ ఆమ్లం, వంటసోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఒకటి తీసేస్తాయి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. అది పోయాక గిన్నెలో మిగిలేది నీళ్లు, కాస్త సోడియం అసిటేట్ అనే లవణం. విడివిడిగా వాడితే మాత్రం రెండూ పనికొచ్చేవే. కెటిల్ అడుగున, కుళాయి మూతి దగ్గర పేరుకునే తెల్లటి గారను వెనిగర్ కరిగిస్తుంది. మాడిన గిన్నెకు తడి వంటసోడా పట్టించి కాసేపాగి రుద్దితే మాడు వదులుతుంది. కలిపారా, రెండూ దండగ.

ఇవాళ్టి విషయం అదే. ఇంట్లో చేసుకున్నదల్లా పొదుపు కాదు. కొన్ని పనులు నిజంగా కలిసొస్తాయి. కొన్ని సరదాగా ఉంటాయి, అంతవరకే. ఇంకొన్నింటికి బయట కొనేదానికన్నా ఎక్కువ ఖర్చవుతుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటాను: దీనికోసం కొత్తగా ఏం కొనాలి? "ఏమీ అక్కర్లేదు" అయితే మొదలుపెట్టొచ్చు. అచ్చులు, సీసాలు, ప్రత్యేకమైన నూనెలు అంటూ జాబితా సాగుతోందంటే అది హాబీ. హాబీలు ఉండాల్సిందే. వాటిని ఆదా లెక్కలో రాసుకోవడమే తప్పు.

[తెర మీద: చెత్తబుట్ట. వాడిన ఆకుకూర, ఎండిన బ్రెడ్ ముక్కలు, డబ్బాలో మర్చిపోయిన కూర.]

అన్నిటికన్నా ఎక్కువ కలిసొచ్చే పని వంట కూడా కాదు, చెత్తబుట్టలోకి తొంగిచూడటం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. దుకాణాలు, హోటళ్లు, క్యాంటీన్లు అన్నీ కలిపినా అందులో 40 శాతమే. మిగతా 60 శాతం ఇళ్లలోనిదే, అంటే మనిషికి ఏడాదికి సగటున 79 కిలోలు. తొక్కలు, ఎముకలు కూడా కలిపిన లెక్కే అనుకోండి. అవి తీసేసి చూసినా తక్కువేం కాదు. డబ్బు పెట్టి కొని, ఇంటిదాకా మోసుకొచ్చి, కొంత వండి మరీ పారేస్తున్నాం.

ఒక వారం పాటు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. ఎవరు ఏం పారేసినా అదేంటో, ఎందుకు పారేశారో రెండు ముక్కలు రాయాలి. తిట్లు ఉండవని ముందే మాటివ్వండి. లేకపోతే పిల్లలు కాగితం మీద రాయడం మానేసి గుట్టుగా పారేస్తారు. పెద్దవాళ్లూ అంతే. వారం తిరిగేసరికి మీ ఇంట్లో డబ్బు ఎక్కడ కారిపోతోందో తెలిసిపోతుంది. ఒక ఇంట్లో అది ఆకుకూర, ఇంకో ఇంట్లో బ్రెడ్, మరో ఇంట్లో ఎవరైనా తింటారులే అని నాలుగు గరిటెలు ఎక్కువ వండిన అన్నం.

[తెర మీద: ఫ్రిజ్ మధ్య అరలో ఒక ట్రే. దాని మీద "ముందు ఇవి తినాలి" అని రాసిన చీటీ.]

ఫ్రిజ్‌లో కంటికి ఎదురుగా ఉండే అరలో ఒక ట్రే పెట్టి, త్వరగా అయిపోవాల్సినవన్నీ అందులో వేయండి. వెనక్కి జరిగిన డబ్బా సంగతి ఎవరికీ గుర్తుండదు. ఫ్రిజ్ 5 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువలో ఉండాలి. వండిన పదార్థాలను రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. అన్నం విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే అవి పెరిగి విషపదార్థాన్ని వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి.

కూరగాయలు త్వరగా పాడవడానికి కారణం చాలాసార్లు వాటి పక్కనున్న పండ్లే. అరటిపండ్లు, ఆపిల్, టమాటాలు పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. వాటి పక్కన పెట్టిన ఆకుకూర పసుపెక్కిపోతుంది. ఈ పండ్లను కూరగాయలకు దూరంగా ఉంచండి. ఆకుకూరను పొడిగుడ్డలో చుట్టి పెట్టండి. బంగాళదుంపలు చీకట్లో ఉండాలి, ఉల్లిపాయల పక్కన వద్దు. పైసా ఖర్చు లేని పని, వాటి చోటు మార్చడం అంతే.

ఇక ప్యాకెట్ మీద తేదీ. "ఈ తేదీలోపు వాడితే శ్రేష్ఠం" అన్నది రుచికి సంబంధించిన మాట. "ఈ తేదీలోపే వాడాలి" అన్నది ఆరోగ్యానికి సంబంధించిన మాట. మొదటిది దాటిన బిస్కెట్ ప్యాకెట్‌ను గుడ్డిగా పారేయక్కర్లేదు. రెండోది దాటిన మాంసంతో మాత్రం ప్రయోగాలు వద్దు.

[తెర మీద: నానిన గింజలు, పక్కనే నానని గింజలు. ఉబ్బిన తేడా కనిపించాలి.]

వంటకొద్దాం. చవకగా కడుపు నింపేవాటిలో ఎండు గింజలను మించినవి తక్కువ. శనగలు, బఠాణీలు, రాజ్మా, ఏవైనా సరే. ఉడికాక బరువు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. డబ్బాలో ఉడికించి అమ్మేవాటిలో మనం డబ్బిచ్చేది చాలావరకు నీళ్లకు, డబ్బాకు. "ఎంత ఉడికించినా మెత్తబడవు" అన్నదే చాలామంది ఫిర్యాదు. రాత్రి నానబెట్టే నీళ్లలో ఒక చెంచా ఉప్పు వేయండి. ఉప్పులోని సోడియం గింజ తొక్కను గట్టిగా పట్టి ఉంచే కాల్షియంను కొంత పక్కకు నెడుతుంది, తొక్క మెత్తబడుతుంది. టమాటా, నిమ్మరసం లాంటి పులుపులు మాత్రం గింజ పూర్తిగా ఉడికాకే వేయాలి. పులుపు ముందే తగిలితే గింజ బిగుసుకుపోతుంది, గ్యాస్ ఖర్చు పెరుగుతుంది.

రాజ్మాకు ఒక హెచ్చరిక. సరిగ్గా ఉడకని రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ప్రొటీన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించిన తర్వాతే సన్నమంట మీదకు తేవాలి. మొదటి నుంచీ తక్కువ వేడిలోనే వదిలేయడం ప్రమాదం. ఈ మాట గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో అవసరమవుతుంది.

కూరగాయల తొక్కలు దాచి సూప్ నీళ్లు కాయడం గురించి చాలామంది గొప్పగా చెబుతారు. నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు. ఉల్లి, క్యారెట్ తొక్కలు పర్వాలేదు. క్యాబేజీ జాతివి వేస్తే కుండంతా గంధకం కంపు. పైగా వాటికోసం గంటసేపు గ్యాస్ వెలిగించడం ఏ లెక్కన పొదుపో నాకు అర్థం కాదు. వేరే వంట జరుగుతున్న పొయ్యి మీదైతే సరే.

[తెర మీద: మూత లేని గిన్నెలో పెద్ద మంట మీద మరుగుతున్న నీళ్లు. పక్కన మూత పెట్టిన గిన్నె కింద చిన్న మంట.]

ఎడమవైపు గిన్నెలో నీళ్లు ఎగిరెగిరి మరుగుతున్నాయి. కుడివైపు గిన్నెలో నెమ్మదిగా కదులుతున్నాయి. రెండింటి వేడీ ఒకటే, దాదాపు 100 డిగ్రీలు. మూత తీసి ఉంచిన గిన్నెలో నీళ్లు ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా వేడి పెరగదు, ఆవిరి మాత్రమే పెరుగుతుంది. అంటే పెంచిన మంటంతా గాల్లోకి పోతోంది. ప్రెషర్ కుక్కర్‌లో త్వరగా ఉడకడానికి కారణం కూడా ఇదే: ఆవిరిని బంధించడం వల్ల లోపలి వేడి సుమారు 120 డిగ్రీల దాకా వెళ్తుంది.

ఇక్కడినుంచే ఈ వీడియోలో నాకు బాగా ఇష్టమైన భాగం.

[తెర మీద: అట్టపెట్టె, పాత దుప్పట్లు, దిండు, మూత గట్టిగా పట్టే గిన్నె.]

ఉడకడానికి కావలసింది మంట కాదు, వేడి. గిన్నెలో చేరిన వేడి బయటికి పోకుండా ఆపగలిగితే పొయ్యి ఆర్పేశాక కూడా వంట సాగుతుంది. పూర్వం ఎండుగడ్డి నింపిన పెట్టెలో గిన్నెను దించి ఇలా వండేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంధనం కరువైనప్పుడు బ్రిటన్‌లో ఈ పద్ధతిని ప్రోత్సహించారు. మనకు గడ్డి కూడా అక్కర్లేదు, పాత దుప్పట్లు చాలు. కొత్తగా ఏం కొనాలి? ఏమీ లేదు.

గిన్నె చుట్టూ, అడుగున, పైన అన్నివైపులా సుమారు పది సెంటీమీటర్ల మందాన మెత్త పట్టేంత పెద్ద పెట్టె తీసుకోండి. అడుగున దుప్పటిని మడతలుగా పరచండి. గిన్నెను మధ్యలో పెట్టి చుట్టూ పాత తువ్వాళ్లు, స్వెటర్లు కూరండి. పైన దిండు. దుప్పటిని మరీ గట్టిగా కుక్కొద్దు. వేడిని ఆపేది గుడ్డ కాదు, గుడ్డ పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. కుక్కితే ఆ గాలి పోతుంది. గిన్నెకు నేరుగా తగిలే పొర నూలుదే కావాలి. థర్మోకోల్ లాంటివి వేడికి మెత్తబడి పాడవుతాయి.

గిన్నె ముప్పావువంతైనా నిండి ఉండాలి. చిన్న గిన్నెలో రెండు గుప్పిళ్లు వండితే వేడి నిలవదు. ఒకరిద్దరికి వండేవాళ్లకు అందుకే ఇది అంతగా పనికిరాదు. పెద్ద కుటుంబానికి బాగా కుదురుతుంది. అన్నమైతే మూతపెట్టి ఐదు నిమిషాలు మరిగించి పెట్టెలో దించండి, గంటలో సిద్ధం. ఆవిరి బయటికి పోదు కాబట్టి నీళ్లు కాస్త తగ్గించాలి. నానబెట్టిన గింజలను పది, పదిహేను నిమిషాలు తెర్లించి దించితే మూడు, నాలుగు గంటలు పడుతుంది. ఇందాక రాజ్మా గురించి చెప్పింది ఇక్కడే అవసరం. ఆ పది నిమిషాలు పొయ్యి మీదే జరగాలి, పెట్టెలో కాదు.

మధ్యలో తెరిచి చూడొద్దు. ఇది చెప్పినంత సులువు కాదు, ఇంట్లో ప్రతి ఒక్కరికీ దిండు ఎత్తి చూడాలనే ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ వేడి పోతుంది, మళ్లీ మరిగించాల్సి వస్తుంది. తీసేటప్పటికి 60 డిగ్రీల పైన ఉండాలి. వంట థర్మామీటర్ ఉంటే చూసుకోండి. లేకపోతే, గిన్నె తెరవగానే పొగలు రావాలి, గరిట పెడితే చేతికి చురుక్కుమనాలి. అలా లేకపోయినా, గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోయిందని అనుమానం వచ్చినా తినకండి. బాగానే ఉన్నా వడ్డించే ముందు ఒకసారి మరగనివ్వండి. పెద్ద మాంసం ముక్కలను ఈ పెట్టెలో వండమని నేను చెప్పను.

[తెర మీద: చిరిగిన మోచేయి, సూది, దారం, గుండీల డబ్బా.]

గుడ్డల సంగతి త్వరగా చెప్పేస్తాను. కుట్టు ఊడిన రోజే రెండు కుట్లు వేస్తే ఐదు నిమిషాల పని. అలాగే వదిలేస్తే ఇంకో రెండు ఉతుకుల తర్వాత అతుకు వేయాల్సి వస్తుంది. ఆ తర్వాత మసిగుడ్డే. మసిగుడ్డకు మాత్రం నూలువే కత్తిరించండి, పాలిస్టర్ నీళ్లను పీల్చదు. పారేసే ప్రతి చొక్కా గుండీలు, జిప్పులు కోసి ఒక డబ్బాలో వేసుకుంటే ఒక్క గుండీ కోసం కొట్టుకు పరుగెత్తక్కర్లేదు. పాత టీషర్టుకు చేతులు కత్తిరించి, అడుగు కుట్టేస్తే సంచీ. పది దాటిన పిల్లలు సొంతంగా కుట్టగలరు. వంకరగా కుడతారు, అయినా బరువు మోస్తుంది.

[తెర మీద: ఇంట్లో చేసిన సబ్బు కడ్డీలు.]

సబ్బు మాటేమిటి అంటారా? నా మొదటి ప్రశ్న పెట్టి చూడండి. నూనెలు కొనాలి, కాస్టిక్ సోడా కొనాలి, కచ్చితమైన తూకం కావాలి, కళ్లద్దాలు, చేతి తొడుగులు కావాలి. చేశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దు. చేతిపని మీద ఇష్టంతో చేసుకుంటే చేసుకోండి. ఆదా కోసమైతే మామూలు సబ్బు కొనుక్కుని, నీళ్లు నిలవని పెట్టెలో పెట్టుకోవడమే నయం. ఏ క్లీనర్ తయారు చేసుకున్నా బ్లీచ్‌ను మాత్రం దేనితోనూ కలపొద్దు. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు. మూసిన బాత్‌రూమ్‌లో రెండూ ప్రాణాంతకం.

లెక్కల్లో ఎవరూ రాయని ఖర్చు ఇంకొకటి ఉంది: సమయం. చాలా ఇళ్లలో ఆ సమయం ఒక్కరిదే అవుతుంది. గింజలు నానబెట్టడం, డబ్బాల మీద తేదీ రాయడం, చిరుగు కుట్టడం అన్నీ అమ్మ మీదే పడితే అది ఇంటి పొదుపు కాదు, ఆమె విశ్రాంతిలోంచి తీసుకున్న అప్పు. చదవడం వచ్చిన పిల్లలకు తేదీ చీటీలు అప్పజెప్పండి. గింజలు నానబెట్టే పని రాత్రి చివర పడుకునేవాళ్లది. దుప్పటి పెట్టెను వారానికోసారి ఖాళీ చేసి గుడ్డలన్నీ ఎండలో వేయాలి. ఆవిరికి తేమ పట్టి బూజు వస్తుంది. ఈ పని మాత్రం దిండు ఎత్తి చూసినవాళ్లకు ఇవ్వండి.