కుక్క మందు ఉడుతకు వేయొచ్చా?

(ఆదివారం ఉదయం ప్రసారమైన పశువైద్య ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. స్టూడియోలో యాంకర్‌తో పాటు చిన్న జంతువులకు వైద్యం చేసే డాక్టర్ ఉన్నారు.)

యాంకర్: నమస్కారం. పోయిన వారం పిల్లుల గురించి మాట్లాడుకుంటే, కార్యక్రమం అయ్యాక వచ్చిన ఫోన్లు మాత్రం ఉడుతల గురించి. గోక్కుంటోంది, ఒంటి మీద ఏవో గెంతుతున్నాయి, ఏం మందు వేయాలి అని. ఒకరు లైన్లోనే ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. అమలాపురం దగ్గర నుంచండి. మొన్న గాలివానకి మా పెరట్లో కొబ్బరిచెట్టు మీద నుంచి ఉడుత గూడు పడిపోయిందండి. రెండు పిల్లలు. ఒకటి చనిపోయింది. రెండోదాన్ని మా పాప చెప్పుల డబ్బాలో పెట్టి చూసుకుంటోంది.

డాక్టర్: కళ్ళు తెరిచిందా అమ్మా?

కాలర్: ఆయ్, తెరిచిందండి. బొచ్చు కూడా వచ్చింది, చారలు కనబడుతున్నాయి. కానీ బొచ్చులో నల్లగా చిన్న చిన్న పురుగులండి. పట్టుకోబోతే టక్కున గెంతుతున్నాయి. మా అత్తగారు సీతాఫలం గింజలు నూరి రాయమంటున్నారు.

డాక్టర్: రాసేశారా?

కాలర్: లేదండి. గింజలు ఎండబెట్టాం, ఇంకా నూరలేదు.

డాక్టర్: నూరకండి. తలలో పేలకు ఆ పొడి పెట్టుకుని, అది కళ్ళలో పడి కంటి ఆస్పత్రికి పరుగెత్తిన మనుషులే ఉన్నారు. ఉడుత రోజంతా ఒళ్ళు నాక్కుంటుంది, ముందు కాళ్ళతో మొహం తుడుచుకుంటుంది. దాని ఒంటి మీద ఏది రాసినా కళ్ళలోకీ కడుపులోకీ పోతుంది. వేపనూనె, కర్పూరం, కిరసనాయిలు, బట్టల్లో పెట్టే కలరా ఉండలు, అన్నిటికీ ఇదే మాట.

కాలర్: మరి పేలు ఎలా పోతాయండి?

డాక్టర్: గెంతుతున్నాయి అన్నారు కదా, అయితే అవి పేలు కావు. పేలు పాకుతాయి. పిడుదులైతే చర్మానికి కరుచుకుని కదలవు. ఇవి ఫ్లీస్, గెంతే పురుగులు. సరే, పేరు ఏదైనా మీకు కావాల్సింది ఇది. ఇవి ఉడుత ఒంటి మీద కూర్చుని రక్తం తాగుతాయి, గుడ్లు కూడా అక్కడే పెడతాయి, కానీ ఆ గుడ్లు బొచ్చుకు అంటుకోవు. జారి కింద గుడ్డలో పడతాయి. పిల్ల పురుగులు ఆ గుడ్డలోనే పెరుగుతాయి. మీకు కంటికి కనబడేవి కొన్నే, మిగతా సంసారమంతా ఆ చెప్పుల డబ్బాలో ఉంది. డబ్బాలో ఏం పరిచారు?

కాలర్: పాత తువ్వాలు అండి. గూట్లో ఉన్న కొబ్బరి పీచు కూడా వేశాం, తెలిసిన వాసన ఉంటుందని.

డాక్టర్: ఆలోచన మంచిదే, కానీ పురుగులు వచ్చింది ఆ పీచుతోనే. పీచు, డబ్బా రెండూ పాలిథిన్ కవర్లో వేసి గట్టిగా ముడి కట్టి బయట పడేయండి. తువ్వాలు వేడినీళ్ళలో నానబెట్టండి. మళ్ళీ తువ్వాలు వాడకండి, ఆ పోగుల్లో గోళ్ళు చిక్కుకుని వేళ్ళు విరుగుతాయి. పాత పంచె గుడ్డ ఉంటుంది కదా, తెల్లది, మెత్తగా ఉండేది, అది వేయండి. తెల్లదానిమీద పురుగు పడితే కనిపిస్తుంది. రోజుకు రెండుసార్లు మార్చండి. తీసిన గుడ్డ వేడినీళ్ళు, సబ్బు, ఆ తర్వాత ఎండ.

కాలర్: ఒంటి మీద ఉన్నవి?

డాక్టర్: ముందు పిల్ల వెచ్చగా ఉండాలి. సీసాలో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి డబ్బాలో ఒక పక్కన పెట్టండి, రెండో పక్క ఖాళీగా వదలండి, వేడెక్కితే అది జరుగుతుంది. స్నానం మాత్రం చేయించకండి. అంత చిన్న ఒళ్ళు తడిస్తే చలికే పోతుంది. పేల దువ్వెన ఉందా?

కాలర్: ఉందండి, పాపది.

డాక్టర్: ఆ దువ్వెన, ఒక గ్లాసులో సబ్బునీళ్ళు దగ్గర పెట్టుకోండి. పిల్లను తెల్లగుడ్డ మీద పెట్టి మెడ దగ్గర నుంచి తోక వైపు మెల్లగా దువ్వండి. దువ్వెనలో పురుగు చిక్కగానే సబ్బునీళ్ళలో ముంచండి. ఉత్తి నీళ్ళైతే తేలుతుంది, మళ్ళీ గెంతేస్తుంది. సబ్బు ఉంటే మునుగుతుంది. గోళ్ళ మధ్య నలపకండి. ఐదు నిమిషాలు చేసి ఆపేయండి, మళ్ళీ సాయంత్రం చేయండి. ఒకేసారి అన్నీ తీసేద్దామని గంటసేపు పట్టుకుంటే భయానికే అది నీరసపడిపోతుంది.

యాంకర్: నల్లగా ఉన్నవన్నీ పురుగులేనా డాక్టర్ గారూ? దుమ్ము కూడా కావచ్చు కదా.

డాక్టర్: మంచి మాట అడిగారు. దువ్వెనకు వచ్చిన నల్లటి నలకలు తడి చేసిన తెల్ల కాగితం మీద రాల్చండి. దుమ్మైతే నల్లగానే ఉంటుంది. ఆ పురుగుల రెట్టైతే చుట్టూ ఇటుక రంగు పాకుతుంది. అది ఎండిన రక్తం. అమ్మా, మీ ఉడుత పిల్ల 30, 40 గ్రాములు ఉంటుందనుకోండి. దాని ఒంట్లో ఉన్న రక్తం మొత్తం కలిపి అర టీస్పూనుకు కాస్త అటూ ఇటూ. పది పదిహేను పురుగులు రోజూ తాగుతుంటే ఏమవుతుందో చూడండి. పై పెదవి కొంచెం ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉంటే పర్వాలేదు. తెల్లగా పాలిపోయి ఉంటే దువ్వుకుంటూ కూర్చోకండి, ఆస్పత్రికి వెళ్ళండి.

కాలర్: అక్కడ మందు ఇస్తారా అండి?

డాక్టర్: ఇస్తారు, కానీ కచ్చితమైన బరువు కావాలి. మీకు తెలిసిన బంగారం కొట్టు ఉందా?

కాలర్: (నవ్వు) ఉందండి, మా బావగారి స్నేహితుడిదే. ఎందుకండి?

డాక్టర్: ఆ త్రాసు మీద తూయించండి. నిజంగానే చెప్తున్నాను. పశువుల ఆస్పత్రిలో గేదెను తూచే కాటా ఉంటుంది, 30 గ్రాములు తూచేది ఉండకపోవచ్చు. పిల్లి పిల్లలకు, కుక్క పిల్లలకు మెడ మీద వేసే సెలామెక్టిన్ ట్యూబు అన్నిటికంటే చిన్నదే రెండున్నర కిలోల వరకు సరిపోతుంది. ఎదిగిన ఉడుత 100 గ్రాములు. అంటే ఆ ట్యూబు పాతిక ఉడుతల మందు. మీ పిల్లకి ఇంకా తక్కువ. డాక్టర్ దాన్ని లెక్క కట్టి ఒక చుక్కలో వంతు వేస్తారు. ఇంట్లో అలా కొలవడం కుదరదు.

కాలర్: సరేనండి. పాలు పోయొచ్చా?

డాక్టర్: ఆవుపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కపిల్లలకు అమ్మే పాలపొడి కలిపి, సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్క నోటి అంచున పెట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు. తల్లి ఆ చుట్టుపక్కల తిరుగుతోందా?

కాలర్: నిన్న అరిచిందండి చెట్టు మీద. ఇవాళ చూడలేదు.

డాక్టర్: అయితే రేపు పొద్దున డబ్బాను అదే చెట్టుకు కట్టి, పిల్లులు రాకుండా దూరంగా కూర్చుని రెండు మూడు గంటలు చూడండి. తల్లి నోట కరుచుకుని పట్టుకుపోతే మీ పని అయిపోయినట్టే. మనిషి చేయి తగిలితే తల్లి ముట్టుకోదు అనేది వట్టి మాట. రాకపోతే అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి. ఉడుత ఇంట్లో పెంచుకునే జంతువు కాదు, పెద్దదై తిరగగలిగాక చెట్టుకే చేరాలి.

యాంకర్: బరువు తెలిస్తే మళ్ళీ ఫోన్ చేయండమ్మా. వరంగల్ నుంచి కాల్ ఉంది. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. మా డాబా మీద రోజూ నాలుగైదు ఉడుతలు వస్తయి, పల్లీలు పెడతా. ఒకటి మస్తు గోక్కుంటుంది. పల్లీల మీద మందు చల్లి పెడితే తింటది గద?

డాక్టర్: వద్దే వద్దు. ఏ ఉడుత ఎన్ని తింటుందో మీకు తెలియదు, ఆ పల్లీలు కాకి కూడా తింటుంది. బయట తిరిగే ఉడుతకు కొన్ని పురుగులు ఎప్పుడూ ఉంటాయి, గోక్కుని తీసేసుకుంటుంది. చురుగ్గా చెట్టెక్కుతోందా?

కాలర్: ఎక్కుతుంది సార్.

డాక్టర్: అయితే దాన్ని వదిలేయండి. బొచ్చు ఊడి పొక్కులు కట్టి కిందే కూర్చుని ఉంటే అప్పుడు ఫోన్ చేయండి, అది గజ్జి కావచ్చు. పల్లీలు ఒకేచోట రాశిగా పోయకుండా నాలుగు చోట్ల వేయండి, ఆ చోటు రోజూ కడగండి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే పురుగులు మారతాయి.

యాంకర్: అన్నట్టు, రాముడు నిమిరితే వచ్చిన చారలు మూడే కదా?

డాక్టర్: మన దక్షిణాది ఉడుతకు మూడే. ఉత్తరాదిలో తిరిగే రకానికి ఐదు ఉంటాయి. అక్కడ రాముడు చేయంతా పెట్టాడేమో. తర్వాతి కాల్ తీసుకుందాం.

కాలర్: సార్, హైదరాబాద్ నుంచి. కొంచెం అర్జెంటు. మా అబ్బాయి పెంచుకుంటున్న ఉడుతకి పొద్దున కుక్కల పౌడర్ చల్లాం. ఇప్పుడు వణుకుతోంది, నోట్లోంచి చొంగ వస్తోంది.

డాక్టర్: ఎంతసేపైంది?

కాలర్: గంటన్నర.

డాక్టర్: జాగ్రత్తగా వినండి. చేతులకు గ్లౌజులు లేకపోతే పాలిథిన్ కవర్లు తొడుక్కోండి. పొడి గుడ్డతో ఒంటి మీద పౌడర్ దులపండి. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, ఒక్క నిమిషంలో కడిగేయండి. తల మీద పోయకండి. వెంటనే తుడిచి గుడ్డలో చుట్టండి. పాలు పోయకండి, నూనె రాయకండి, నోట్లో ఏమీ పెట్టకండి. పాలు విషాన్ని విరగ్గొట్టవు, వణుకుతున్న జంతువు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పౌడర్ డబ్బా చేతిలో పట్టుకుని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి గానీ, మీకు దగ్గర్లో తెరిచి ఉన్న పశువైద్యుడి దగ్గరికి గానీ వెళ్ళండి. వెళ్ళే ముందు ఫోన్ చేసి చెప్పండి. ఫోన్ పెట్టేయండి ఇక.

కాలర్: థాంక్యూ సార్. (లైన్ కట్)

యాంకర్: బతుకుతుందా డాక్టర్ గారూ?

డాక్టర్: ఎంత పడింది, ఎంత నాకింది అనేదాన్ని బట్టి. ఆ డబ్బాల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. కుక్క ఒంట్లో అది విరిగిపోతుంది, పిల్లికే విరగదు, చచ్చిపోతుంది. కుక్కలకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కుందేళ్ళకు ప్రాణాంతకం. అయినా కుక్క మీద వేశాం, ఏమీ కాలేదు కదా అనుకుంటారు. పాతరోజుల్లో గమాక్సిన్ అనే పురుగుల పొడి చల్లినవాళ్ళూ ఉన్నారు. 2013 నుంచి దాని వాడకమే మన దేశంలో నిషేధం, అయినా పాత డబ్బా అటక మీద దొరుకుతుంది. ఇంకోటి, కొందరు ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తారు. అది గజ్జికి పనికొస్తుంది గానీ ఈ గెంతే పురుగులకు పెద్దగా పనిచేయదు. డోసు ఎక్కువైతే మాత్రం జంతువు పోతుంది.

యాంకర్: ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే?

డాక్టర్: ముందు దానికి చేయించాలి, దాని బరువుకు తగ్గ మందుతో. చాలా ఇళ్ళలో ఉడుతకు ఎక్కేవి పిల్లి పురుగులే.

యాంకర్: తెనాలి నుంచి ఒకరు.

కాలర్: నమస్కారమండి. మా ఏసీ బయటి పెట్టె వెనక ఉడుత గూడు పెట్టింది. పిల్లలు వెళ్ళిపోయి పది రోజులైంది. ఇప్పుడు మా గదిలో మమ్మల్ని కుడుతున్నాయి, చీలమండల దగ్గర దద్దుర్లు. ప్లేగు వస్తుందేమోనని మా ఆవిడకి ఒకటే టెన్షన్.

డాక్టర్: ఉడుత పోయింది కాబట్టి అవి మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాయి. ప్లేగు ఎలుకల పురుగులతో వస్తుంది. 1994లో సూరత్‌లో కనబడినప్పటి భయం మనకు ఇంకా పోలేదు. దానికోసం టెన్షన్ పడక్కర్లేదు. కుట్టాక రెండు వారాల్లోపు జ్వరం, విపరీతమైన తలనొప్పి వస్తే మాత్రం డాక్టర్‌కి పురుగులు కుట్టాయన్న సంగతి చెప్పండి, టైఫస్ అని వేరే జ్వరం ఉంది.

కాలర్: గూడు పీకేయమంటారా?

డాక్టర్: పిల్లలు లేవని మరోసారి చూసుకుని తీయండి. ఏసీ స్విచ్చి ఆపి, మాస్కు పెట్టుకుని, గూడు మీద సబ్బునీళ్ళు చల్లి తడిపాక కవర్లో వేయండి. గదిలో మంచం కిందా, పరుపు అంచులకూ, మూలలకూ రోజూ వాక్యూమ్ పెట్టండి. ఆ పురుగు పెద్దదయ్యే ముందు తన చుట్టూ చిన్న గూడు అల్లుకుని లోపల ఉన్నప్పుడు మందు ఎక్కదు, నెలల తరబడి అలా ఉండగలదు. మనిషి అడుగుల అదురు, వెచ్చదనం తెలిస్తే బయటికి వస్తుంది. అందుకే మొదటి వారంలో తగ్గినట్టే తగ్గి మళ్ళీ కనిపిస్తే మందు పనిచేయలేదని ఇంకో మందు కొనకండి. మూడు వారాలు ఊడ్చండి. ఊడ్చిన చెత్త అదే రోజు బయట పారేయండి.

యాంకర్: టైం అయిపోతోంది. ఆఖరి కాల్... అమలాపురం అమ్మగారే మళ్ళీ. తూచారా?

కాలర్: ఆయ్, తూచామండి. కొట్లోనే ఉన్నాం. 38 గ్రాముల 240 మిల్లీ అండి.

డాక్టర్: ఆ 240లో పురుగుల వాటా ఎంతో. చిగుళ్ళు?

కాలర్: గులాబీ రంగేనండి. దువ్వితే పదకొండు వచ్చాయి, గ్లాసులో వేశాం.

డాక్టర్: బాగుంది. ఆ బరువు కాగితం మీద రాసుకుని రేపు ఆస్పత్రిలో చూపించండి. తల్లి వస్తే వెళ్ళక్కర్లేదు.

కాలర్: అలాగేనండి. ఒక్కమాటండి, షాపాయన అడగమంటున్నారు. తూస్తుండగా ఒకటి గెంతి ఆయన గద్దె మీది పరుపులోకి పోయిందంట. దానికేం చేయాలండి?