నిలబెట్టిన బండి

శ్రోతలకు నమస్కారం.

ఈమధ్యే నా మోటారుసైకిలు అమ్మేశాను. పోయిన ఏడాది మొత్తం మీద అది తిరిగింది 41 కిలోమీటర్లు. మళ్ళీ చెబుతున్నాను, 41. కొన్న మొదటి ఏడాది అదే బండి 14,000 తిరిగింది.

ఇది నోటిలెక్క కాదు. సీటు కింద చిన్న నోటుబుక్కు ఒకటి ఉంచేవాణ్ణి. ఆయిల్ మార్చిన తేదీ, మీటరు రీడింగు, చెయిన్ బిగించిన రోజు, అన్నీ అందులో రాసేవాణ్ణి. పాప పుట్టిన ఏడాది ఆ పుస్తకంలో రాసింది రెండుసార్లే. మరుసటి ఏడాది ఒక్కసారి.

నాది టూరింగ్ బండి. అంటే దూరం పోవడానికే కట్టిన బండి. పెద్ద ట్యాంకు, ఎదురుగాలి ఆపే అద్దం, వెనక రెండు పక్కలా పెట్టెలు, రోజంతా కూర్చున్నా నడుం పట్టని సీటు. హోండా గోల్డ్ వింగ్ 1975లో అమ్మకానికి వచ్చినప్పుడు దానికి ఆ అద్దమూ లేదు, ఆ పెట్టెలూ లేవు. కొన్నవాళ్ళే తగిలించుకున్నారు. 1980 వచ్చేసరికి కంపెనీయే అవన్నీ బిగించిన మోడల్ ఒకటి తెచ్చింది. నా బండికి కూడా ఎడమ పెట్టె నేను బిగించుకున్నదే. కొంచెం వంకరగా ఉంటుంది. అమ్మే ముందు కుడి పెట్టె తెరిస్తే అందులో ఓ రెయిన్‌కోటు, పంక్చర్ కిట్టు, సగం వాడిన డైపర్ల ప్యాకెట్టు ఉన్నాయి. ఆ ప్యాకెట్టు ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

మా ఆవిడ అమ్మమని ఎప్పుడూ అనలేదు. ఈ మాట చెప్పి తీరాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో తప్పు ఇల్లాలి మీదకు నెట్టేయడం మనకు బాగా అలవాటు. పెళ్ళయిన కొత్తలో వెనక సీటు తనదే. "ఈసారి బయల్దేరితే పాపని ఎక్కడ కూర్చోబెడదాం?" అని మాత్రం ఒకసారి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అయినా రెండేళ్ళు అమ్మలేదు. ఓ మూల పడి ఉంటుంది, తిండి అడుగుతుందా, నీళ్ళు అడుగుతుందా అనుకున్నాను. అడుగుతుందండీ. తిరిగే బండి కంటే నిలబెట్టిన బండే ఎక్కువ అడుగుతుంది. కదలకపోయినా బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది. అలా దిగిపోయిన బ్యాటరీని వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా లేవదు. పెట్రోలు నెలల తరబడి ఉంటే జిగురు కడుతుంది. సగం ఖాళీ ట్యాంకులో లోపలివైపు చెమ్మ పట్టి తుప్పు మొదలవుతుంది. బ్రేకు ఆయిల్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తే సరిపోదా? నేనూ అదే చేశాను. అంత కాసేపటికి ఇంజిన్ ఆయిల్ సరిగ్గా కాగదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి బయటికి పోక, ఆ ఆయిల్లోనే చేరుతుంది. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన ఛార్జింగ్ కూడా బ్యాటరీకి తిరిగి రాదు. ప్రేమగా చూసుకుంటున్నాననుకుంటూ రెండేళ్ళు దాన్ని పాడుచేశానన్నమాట.

ఇక అమ్మకం సంగతి. కొనడానికి వస్తానన్న కుర్రాడు ముందు రోజు ఫోన్ చేసి, "ఒక్కటే రిక్వెస్ట్ సార్, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అన్నాడు. నాకు కొంచెం కోపం వచ్చింది. పొద్దున ఏడింటికి వచ్చాడు. నమస్కారం పెట్టకముందే వంగి ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. అప్పుడు నవ్వాడు. వేడి ఇంజిన్ ఎలాగైనా స్టార్ట్ అవుతుంది. నీరసించిన బ్యాటరీ, మొదటి నిమిషంలో వచ్చే పొగ, టకటక చప్పుడు, ఇవన్నీ తెలిసేది చల్లగా ఉన్నప్పుడే.

తర్వాత టైర్ల దగ్గర కూర్చున్నాడు. గాట్లు నిండుగా ఉన్నాయని నేను మురిసిపోతున్నాను. అతను వెతికింది గాట్లు కాదు, టైరు పక్కభాగం మీది నాలుగు అంకెలు. 2218. అంటే 2018లో 22వ వారంలో తయారైన టైరు. అరగలేదు, ముసలిదైపోయింది. నేను అబద్ధం ఆడలేదు, కాని నిజమూ చెప్పలేదు.

అప్పటినుంచి అడగకుండానే చెప్పేశాను. ఒకసారి స్టాండు జారి ఎడమవైపు పడింది, గీత పెట్టె కింద ఉంది. ముందు ఫోర్కులో ఆయిల్ కారకుండా ఆపే సీలు ఒకటి చెమ్మగిల్లుతోంది. నోటుబుక్కు కూడా ఇచ్చేశాను. బండి కంటే దాన్నే ఎక్కువసేపు చూశాడు. "ఈ ఏడాది ఏమైంది సార్? రెండేసార్లు రాశారు." "పాప పుట్టింది" అన్నాను. ధర కొంచెం తగ్గించమన్నాడు, తగ్గించాను. బేరం పది నిమిషాల్లో తెగింది.

బండి అమ్మబోయేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. దాన్ని వేడి చేసి చూపించకండి. చల్లగా చూపించండి. అది చల్లగా స్టార్ట్ అవుతున్న రోజుల్లోనే చూపించండి.

కాగితాల మీద పేరు మారాక తాళం ఇచ్చాను. అతను వీధి మలుపు తిరిగిపోయాక గుర్తొచ్చింది, వేడెక్కితే న్యూట్రల్ ఓ పట్టాన పడదని చెప్పడం మరిచిపోయానని. ఆగి ఆగి, ఓ గంట తర్వాత ఫోన్ చేశాను.

"తెలిసింది సార్" అన్నాడు, "మొదటి సిగ్నల్ దగ్గరే."