సిరిపురం నుంచి పాడేరుకి ఒక ఫర్మ్‌వేర్ ఫైల్

అందరికీ నమస్కారం. ఒక లెక్కతో మొదలుపెడదాం.

సర్వర్ విశాఖపట్నం సిరిపురంలో ఉంది, నెట్‌వర్క్ స్విచ్ ఘాట్ పైన పాడేరు బ్రాంచిలో ఉంది. మధ్య లింకు మీద పింగ్, అంటే ప్యాకెట్ వెళ్లి జవాబు వచ్చే టైము, 40 మిల్లీసెకన్లు వస్తోందనుకోండి. 30 ఎంబీ ఫర్మ్‌వేర్‌ని, అంటే స్విచ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, టీఎఫ్‌టీపీ అనే సాదాసీదా ఫైల్ ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో పంపాలి. టీఎఫ్‌టీపీ 512 బైట్ల ముక్క ఒకటి పంపి, అందిందని జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. జవాబొచ్చాకే రెండో ముక్క. మొత్తం 61,440 ముక్కలు. ఒక్కోదానికి 40 మిల్లీసెకన్ల చొప్పున 41 నిమిషాలు పడుతుంది. లింకు 10 ఎంబీపీఎస్ అయినా 100 అయినా ఇంచుమించు ఇంతే. చాలామంది ఇక్కడే లైను స్లో అని ప్రొవైడర్‌తో తగువుకి దిగుతారు. పాపం, లైను తప్పేం లేదు.

ముక్క సైజు పెంచితే టైము తగ్గుతుంది. 1500 బైట్ల ప్యాకెట్‌లో ఐపీ హెడర్‌కి 20, యూడీపీకి 8, టీఎఫ్‌టీపీకి 4 పోతే 1468 మిగులుతాయి. ఆ సైజు పెడితే అదే ఫైల్ 14 నిమిషాల్లో చేరుతుంది. కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌లో దీనికి టీఎఫ్‌టీపీ-బీఎల్‌కేసైజ్ అనే ఆప్షన్ ఉంది. కాకపోతే రెండు వైపులా ఒప్పుకోవాలి, లేకపోతే మళ్లీ 512కే వచ్చేస్తుంది. మధ్యలో వీపీఎన్ టన్నెల్ ఉంటే 1468 కూడా ఎక్కువే, 1300కి దించండి.

ట్రాన్స్‌ఫర్ ప్రతిసారీ 32 ఎంబీ దగ్గరే ఆగిపోతోందా? ముక్క నంబరు 16 బిట్లు, అంటే 65,535 దాకానే లెక్క. అక్కడికి వచ్చాక కొన్ని సర్వర్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతాయి, కొన్ని ఒకటి నుంచి, కొన్ని అక్కడే చతికిలబడతాయి. దీనికీ మందు ముక్క సైజు పెంచడమే.

సర్వర్ లాగ్‌లో రిక్వెస్ట్ కనిపిస్తుంది, డివైజ్‌కి మాత్రం ఒక్క బైటూ అందదు. ఇది ఫైర్‌వాల్ పని. రిక్వెస్ట్ పోర్ట్ 69కి వెళ్తుంది కానీ, సర్వర్ జవాబు వేరే కొత్త పోర్ట్ నుంచి ఇస్తుంది. దారిలో ఉన్న ఫైర్‌వాల్‌కి అదెవరో తెలియక ఆపేస్తుంది. లినక్స్ ఫైర్‌వాల్ అయితే టీఎఫ్‌టీపీ కనెక్షన్ ట్రాకింగ్ మాడ్యూల్ లోడ్ చేసి, దాన్ని వాడమని రూల్ రాయండి.

లినక్స్ టీఎఫ్‌టీపీ క్లయింట్‌లో పుట్ కమాండ్‌తో ఫైల్ పంపేవాళ్లకి ఒక మాట. అది మామూలుగా టెక్స్ట్ మోడ్‌లో తెరుచుకుంటుంది. ముందు బైనరీ అని కొట్టకపోతే, ఫైల్‌లో న్యూలైన్ బైట్ ఎక్కడున్నా దాని ముందు ఇంకో బైట్ చేరిపోతుంది. ఫైల్ చేరినట్టే ఉంటుంది, సైజు చూస్తే కాస్త ఉబ్బి ఉంటుంది.

నన్నడిగితే డివైజ్‌లో ఎస్‌సీపీ, అంటే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మీదుగా ఫైల్ కాపీ చేసే కమాండ్, ఉన్నప్పుడు టీఎఫ్‌టీపీ జోలికే పోవద్దు. దూరపు లింకు మీద ఎస్‌సీపీలో ఎన్నో ప్యాకెట్లు ఒకేసారి దారిలో ఉంటాయి కాబట్టి పింగ్ దెబ్బ అంతగా తగలదు. కానీ 2022లో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ కమాండ్ మామూలుగా లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతినే వాడుతుంది. పాత స్విచ్‌లకీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే రూటర్లకీ మామూలుగా ఎస్‌ఎఫ్‌టీపీ ఉండదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా కనెక్షన్ మూసుకుపోతుంది. అప్పుడు ఎస్‌సీపీ తర్వాత హైఫన్, పెద్ద ఓ కొట్టండి, పాత పద్ధతికే వెళ్తుంది. చిన్న ఓ కాదు, దాని పని వేరు. హోస్ట్ కీ, అంటే డివైజ్ తన గుర్తింపుగా చూపే కీ, కుదరలేదని అంటే, ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 8.8 వెర్షన్ నుంచి పాత ఆర్‌ఎస్‌ఏ సంతకాలు ఆపేశారు కాబట్టి. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ ఒక్క డివైజ్‌కే ఆ పాత సంతకాలని అనుమతించండి, అన్నిటికీ కాదు.

రెండూ కుదరకపోతే పైథాన్ హెచ్‌టీటీపీ సర్వర్ ఉంది. పోర్ట్ 8000లో ఒక్క లైనుతో లేస్తుంది. అయితే ఏ ఫోల్డర్‌లో నిలబడి నడిపితే ఆ ఫోల్డరంతా బయటికి కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్ ఒక్కటే ఉన్న ఫోల్డర్‌లో నడిపి, పని కాగానే ఆపేయండి.

చేరిన ఫైల్‌ని చేరిన చోటే సరిచూడాలి. సిరిపురంలో చెక్‌సమ్, అంటే ఫైల్ మారలేదని చూసే లెక్క, సరిపోయినంత మాత్రాన పాడేరులో సరిపోయినట్టు కాదు. సిస్కో స్విచ్‌ల ఐఓఎస్‌లో దీనికి కమాండ్ వెరిఫై స్లాష్ ఎండీ5. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఫైల్‌ని టెంప్ ఫోల్డర్‌లోనే పెట్టండి, అది ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి ముందు ఫ్రీ కొట్టి చోటుందో లేదో చూడండి. తర్వాత ఎస్‌హెచ్‌ఏ256సమ్, ఆపైన సిస్‌అప్‌గ్రేడ్ హైఫన్ పెద్ద టీ. ఇది ఇమేజ్‌ని పరీక్షిస్తుందే తప్ప రాయదు. స్విచ్‌లో చోటు చాలట్లేదని ఇప్పుడు నడుస్తున్న ఇమేజ్‌ని మాత్రం చెరపొద్దు.

ఫ్లాష్ రాసేటప్పుడు కరెంటు పోతే, డివైజ్‌ని మొదట లేపే చిన్న ప్రోగ్రామ్ బూట్‌లోడరే దిక్కు, దానికి దారి కన్సోల్ కేబుల్. ఆ కేబుల్ మీద ఫైల్ పంపే ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో 9600 బాడ్ స్పీడుతో 30 ఎంబీ ఎక్కించాలంటే తొమ్మిది గంటల పైమాటే. బూట్‌లోడర్ ఒప్పుకుంటే 115200కి మార్చండి, ముప్పావుగంట దాటి కాస్త పడుతుంది. మన ఊరి ఉప్పుగాలికి ఆ కేబుల్ పిన్నులు చిలుము పడుతుంటాయి. యూపీఎస్ బ్యాటరీ చూసుకుని, ఆ కేబుల్‌తో కూడా ఏదో ఒక స్విచ్‌లోకి లాగిన్ అయి చూసుకున్నాకే ఘాట్ ఎక్కండి.