కాలిపోయిన రికార్డుల అవతల ఐరిష్ వంశవృక్షం: పాదరీలు, ఇండియా ఆఫీసర్లు

నమస్కారమండీ. ఐర్లాండ్ కుటుంబాల చరిత్ర వెతుకుతున్నామంటే చాలు, "అక్కడి రికార్డులన్నీ కాలిపోయాయి కదా" అంటారు. సగం నిజమే. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనాభా లెక్కల్లో చాలా భాగం పోయింది. అసలు వీలునామాలు పోయాయి. చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ అనే ప్రొటెస్టెంట్ చర్చికి చెందిన దాదాపు వెయ్యి పారిష్‌ల (ఒక్కో పాదరీ పరిధిలోని ప్రాంతాల) బాప్తిస్మం, పెళ్లి, ఖననం రిజిస్టర్లు పోయాయి.

కానీ మీరు వెతికే మనిషి పాదరీ అయినా, ఇండియాకి వచ్చిన ఆఫీసర్ అయినా అక్కడితో ఆగిపోనక్కర్లేదు. వాళ్లని కొలువులో పెట్టుకున్నవాళ్లు వేరే చోట వేరే కాగితాలు దాచుకున్నారు. ఆ కాగితాల దాకా ఎలా వెళ్లాలో ఒక నిజమైన కుటుంబంతో చూద్దాం.

స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. ఐర్లాండ్ ఉత్తరం కొసన డోనెగల్ కౌంటీ, అందులో ఇనిషోవెన్ ద్వీపకల్పం. అక్కడ లోయర్ మోవిల్ చర్చికి శామ్యూల్ మాంట్‌గోమరీ రెక్టర్, అంటే ఆ పారిష్ పాదరీ. ఆయన కొడుకు రాబర్ట్ 1809లో పుట్టాడు, డెర్రీలోని ఫోయిల్ కాలేజీలో చదివాడు, బెంగాల్ సివిల్ సర్వీసులో చేరాడు, 1859 నుంచి 1865 దాకా పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నాడు. రాబర్ట్ కొడుకు హెన్రీ 1847లో కాన్పూర్‌లో పుట్టి, తర్వాత టాస్మేనియా బిషప్ అయ్యాడు. ఆ బిషప్ గారి కొడుకే రెండో ప్రపంచయుద్ధపు ఫీల్డ్ మార్షల్ బెర్నార్డ్ మాంట్‌గోమరీ. పాదరీ, దొర, బిషప్, సైన్యాధిపతి: నాలుగే తరాలు.

ఇప్పుడు పాదరీ వైపు నుంచి మొదలుపెడదాం. చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ పాదరీల్లో చాలామంది డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివినవాళ్లే. 1593 నుంచి 1860 దాకా అక్కడ చేరిన విద్యార్థుల జాబితా 'అలమ్నై డబ్లినెన్సిస్' పేరుతో అచ్చయింది. పేరు ఒక్కటే చూసి వదిలేయకండి. చేరిన తేదీ, అప్పటి వయసు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, పుట్టిన కౌంటీ కూడా చాలా చోట్ల ఉంటాయి. అంటే ఒక్క వాక్యంలో రెండు తరాలు దొరుకుతాయి. ఆ తర్వాత క్యానన్ జేమ్స్ లెస్లీ తయారుచేసిన జాబితాలు. ఏ చర్చికి ఏ సంవత్సరంలో ఎవరు వచ్చారు, ఎవరిని పెళ్లి చేసుకున్నారు, పిల్లలెవరు అని డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) వారీగా జీవితాంతం రాసిపెట్టాడాయన. డెర్రీ డయోసిస్ పుస్తకం 1937లో వచ్చింది. ఆయన రాతప్రతులు డబ్లిన్‌లోని రిప్రజెంటేటివ్ చర్చ్ బాడీ లైబ్రరీలో ఉన్నాయి. ఆయనకి మనమంతా రుణపడి ఉన్నాం.

ఇక ఈ వీడియోలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇది. ఈస్టిండియా కంపెనీలో సివిల్ ఉద్యోగానికో, సైన్యంలో క్యాడెట్‌గానో (ఆఫీసర్ కాబోయే కుర్రాడిగానో) దరఖాస్తు పెట్టే కుర్రాడు తన వయసు రుజువు చేసుకోవాలి. అందుకోసం సొంత ఊరి రిజిస్టర్ నుంచి బాప్తిస్మం నకలు రాయించి లండన్ పంపేవాడు. ఆ కాగితాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. సివిల్ వాళ్లవి జె/1 వరసలో, క్యాడెట్లవి ఎల్/ఎంఐఎల్/9 వరసలో. అసలు రిజిస్టర్ డబ్లిన్‌లో కాలిపోయినా, అందులోని ఆ ఒక్క పద్దు లండన్‌లో బతికే ఉండొచ్చు!

ఇండియాలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలకి ఎన్ వరస చూడాలి: ఎన్/1 బెంగాల్, ఎన్/2 మద్రాసు, ఎన్/3 బొంబాయి. హెన్రీ లాగా కాన్పూర్‌లో పుట్టినవాళ్లని ఎన్/1లో వెతకాలి. మచిలీపట్నం, విశాఖపట్నం, సికింద్రాబాద్ కంటోన్మెంట్ వాళ్లయితే ఎన్/2. ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో వీటి స్కాన్లు డబ్బు కట్టి చూడొచ్చు. ఫిబిస్ (బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల చరిత్ర వెతికేవాళ్ల సంఘం) సైట్‌లో సూచిక ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఆడవాళ్ల వైపు తప్పకుండా వెతకండి. చాలామంది ఇంటిపేరు పట్టుకుని మగవాళ్ల వెంటే పోతారు, అక్కడే సగం కథ జారిపోతుంది. పంజాబ్‌లో రాబర్ట్‌తో కలిసి పనిచేసిన హెన్రీ లారెన్స్, జాన్ లారెన్స్ కూడా ఫోయిల్ కాలేజీ వాళ్లే. వాళ్ల తల్లి లెటీషియా నాక్స్ డోనెగల్ పాదరీ కూతురు. హెన్రీ లారెన్స్ భార్య హోనోరియా కార్న్‌డోనా పాదరీ కూతురు, జాన్ భార్య హారియెట్ కల్డాఫ్ రెక్టర్ కూతురు. ఆ రెండు ఊళ్లూ మ్యాప్‌లో చూడండి, మోవిల్ ఉన్న ఇనిషోవెన్‌లోనే! లాహోర్‌లో కూర్చుని పంజాబ్‌ని పాలించినవాళ్ల మధ్య ఈ బంధం పెళ్లి రికార్డులు చూస్తేనే బయటపడుతుంది.

ఒక జాగ్రత్త. డెర్రీ చుట్టుపక్కల మాంట్‌గోమరీలు బోలెడుమంది, అందులోనూ శామ్యూల్, రాబర్ట్ పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలిసేదాకా చెట్టులో గీత గీయకండి.

ఇంకోటి, నాకు ముఖ్యమనిపించేది. 1857 మేలో లాహోర్ దగ్గర మియాన్ మీర్‌లో భారతీయ సిపాయిల ఆయుధాలు లాక్కునే నిర్ణయంలో రాబర్ట్ ముందున్నాడు. వంశవృక్షంలో బిరుదులూ పదవులూ రాసేవాళ్లు ఇది కూడా రాయాలి. ఆయన అధికారం ఎవరి మీద నడిచిందో వాళ్లూ ఆ చరిత్రలో ఉన్నవాళ్లే.

సరే, ఇప్పుడు ఫిబిస్ తెరిచి మీ దగ్గరున్న ఇంటిపేరు టైప్ చేయండి. దొరికిన ప్రతి పద్దు పక్కన వరస, వాల్యూమ్, ఫోలియో (ఆకు) నంబర్లు రాసుకోండి. తర్వాతి వీడియోలో ఆ నంబర్లతో అసలు పేజీ తెరుద్దాం.