కుంపటి మారలేదు, ఇల్లు మారింది
(వనస్థలిపురంలో పెద్దల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సమావేశం పొద్దున్నే పెడితే ఎవరూ దుప్పట్లలోంచి లేవరని తెలిసి, మన కార్యదర్శిగారు పదింటికి, అదీ మేడ మీద పెట్టారు. కుర్చీలన్నీ ఒక్కొక్కటిగా ఎండవైపు జరిగిపోవడం చూస్తూనే ఉన్నాను. నా మాట అక్కడికి వినపడకపోయినా ఫరవాలేదు, ఎండ వదులుకోకండి.

నేను వైద్యుణ్ణి కాను, వాతావరణ శాస్త్రవేత్తనూ కాను. ముప్పై రెండేళ్లు విద్యుత్ శాఖలో పనిచేసి, అందులో సగం కాలం, ఎటు ఎంత కరెంటు పంపాలో చూసుకునే లోడ్ డిస్పాచ్ కేంద్రంలో మీటర్ల ముందు గడిపినవాణ్ణి. 2021 ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా టెక్సాస్‌లో, డాలస్ పక్కన మా అమ్మాయి ఇంట్లో చలిలో ఇరుక్కుపోయాం. చలి గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత అదొక్కటే. ఆ కథ ఈ కాలనీలో సగం మందికి ఇప్పటికే చెప్పి విసిగించాను. మిగిలిన సగం మంది ఇవాళ దొరికారు.

ముందు మన ఊరి సంగతి. హైదరాబాదు బేగంపేటలో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. మామూలుగా డిసెంబరు, జనవరి రాత్రుల్లో పదిహేను అటూ ఇటూ ఉంటుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠం పది డిగ్రీలకో ఇంకా కిందికో దిగి, ఆ రోజుకు ఉండవలసిన దానికంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులు అంటుంది. తేడా 6.4 దాటితే తీవ్ర శీతల గాలులు. ఈ అంకెలు సిమ్లా వాళ్లు వింటే నవ్వుతారు. నవ్వనివ్వండి. మంచు కురిసే దేశంలో బయట మైనస్ పది ఉన్నా గదిలో ఇరవై ఉంటుంది. ఇక్కడ బయట పది ఉంటే నా పడకగదిలో పదహారు. కొలిచి చూసే చెబుతున్నాను, ఆ పిచ్చి నాకు ఉద్యోగంతో వచ్చింది. గదిలో కనీసం పద్దెనిమిది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంటే ఆ మంచు దేశం వాడు చలిని వీధిలో వదిలి ఇంట్లోకి వస్తాడు, మనం దాన్ని పక్కలోకి తెచ్చుకుంటాం.

అందులో మన తప్పేమీ లేదు. మన ఇళ్లు మే నెల కోసం కట్టినవి. కింద షాబాదు బండలు, గోడలో వెంటిలేటర్లు, ఎటు చూసినా గాలి. టెక్సాస్ వాళ్లదీ ఇదే కథ అని అక్కడికి వెళ్లాక అర్థమైంది. అక్కడా ఎండాకాలం నలభైకి చేరుతుంది. చాలా ఇళ్లలో నీళ్ల గొట్టాలు అటక మీదుగా పోతాయి, వాటికి సరైన తొడుగు ఉండదు. ఏడాదంతా దాని అవసరం పడదు మరి. ఆ ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ పంతొమ్మిది.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఇది నా సరదా. గ్రిడ్డులో కరెంటు సెకనుకు ఇన్నిసార్లని ఊగుతుంది, ఆ లెక్కే పౌనఃపున్యం; మనది 50 హెర్ట్జ్, వాళ్లది 60. వాడకానికి సరిపడా కరెంటు తయారుకాకపోతే అది పడిపోతుంది. 15వ తేదీ అర్ధరాత్రి దాటాక అది 59.4 కిందికి పడిపోయి, నాలుగు నిమిషాల ఇరవైమూడు సెకన్లు అక్కడే ఉంది. తొమ్మిది నిమిషాలు అలాగే ఉంటే విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే ఆగిపోయేవి, రాష్ట్రమంతా చీకటయ్యేది, మళ్లీ నిలబెట్టడానికి వారాలు పట్టేది. కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లు ఇరవై వేల మెగావాట్ల దాకా లోడు, అంటే ఇళ్లకూ దుకాణాలకూ వెళ్లే కరెంటు, కోసేశారు. వాళ్ల కుర్చీలో నేనుంటే నేనూ అదే చేసేవాణ్ణి. కోసేసిన కరెంటు లైను మీదే మా అమ్మాయి ఇల్లు ఉంది, అంతే. 45 లక్షల పైచిలుకు ఇళ్లలో కరెంటు పోయింది. ఇందులో ఒక తమాషా ఉంది. కరెంటు తయారీకి గ్యాసు కావాలి, ఆ గ్యాసును గొట్టాల్లో తోసే యంత్రాలకు కరెంటు కావాలి. అత్యవసరాల జాబితాలో లేని అలాంటి కొన్ని యంత్రాలకూ కోత పడింది. తన తోకను తానే మింగిన పాములా అయింది.

ఇంట్లో మేం ఐదుగురం, అందులో మనవరాలికి రెండు నెలలు. రెండో రాత్రికి హాల్లో ఏడు డిగ్రీలు. ఉన్న గదుల్లో చిన్నది చూసుకుని అందరం అందులో చేరాం. కిటికీలకు బొంతలు కట్టాం, తలుపు కింద సందులో మా ఆవిడ చీర చుట్టి కుక్కాం. గ్యాసు పొయ్యి ఉంది కానీ అది కరెంటుతో అంటుకునేది. చివరికి దేవుడి దగ్గరి అగ్గిపెట్టె పనికొచ్చింది. కుళాయిల్ని సన్నటి దారంలా వదిలి ఉంచమని పక్కింటాయన వచ్చి చెప్పి వెళ్లాడు. కదిలే నీళ్లు తొందరగా గడ్డకట్టవు. చుక్క నీళ్లు పోతే ఊరుకోని మా ఆవిడ రాత్రంతా ఆ చప్పుడు వింటూ పడుకుంది, రెండుసార్లు లేచి కట్టేసింది కూడా. నేను మళ్లీ తిప్పి వచ్చాను.

గ్యారేజీ గోడవైపు కుళాయి మాత్రం అందరం మరిచిపోయాం. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, గొట్టం చీలుతుంది. చీలినప్పుడు ఏమీ తెలియదు, అక్కడ మంచుగడ్డే బిరడాలా ఉంటుంది. నాలుగు రోజులకు ఎండ వచ్చింది, అందరం సంతోషించాం. ఆ మధ్యాహ్నమే గోడలోంచి నీళ్లు. ఫిబ్రవరిలో అక్కడికి వెళ్లేవారుంటే ముందు మెయిన్ వాల్వు ఎక్కడుందో పిల్లల్ని అడగండి. మా అల్లుడికి తెలియదు. అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తెలివైనవాడే.

ఇప్పుడు అసలు విషయం. ఆ రెండో రాత్రే మా అల్లుడు పెరట్లోంచి బొగ్గుల పొయ్యి తీసుకొచ్చాడు, మాంసం కాల్చుకునే ఇనుప పొయ్యి. "మామయ్యగారూ, దీన్ని వెలిగించి గదిలో పెడదాం, పాప వణుకుతోంది" అన్నాడు. నా నోటివెంట "పెట్టు" అనే మాట వచ్చేసింది. ఎందుకు రాదు? మా నాయనమ్మ చలికాలమంతా నులక మంచం కింద కుంపటి పెట్టుకునే పడుకుంది, ఎనభై ఏళ్లు బతికింది. మా ఆవిడే ఆపింది. "ఆ పెంకుటింట్లో పడుకుంటే నక్షత్రాలు కనిపించేవి. ఇక్కడ చీర కూడా కుక్కాం కదా!" అంది.

ముప్పై రెండేళ్ల ఇంజనీరుకు తట్టనిది ఆవిడకు తట్టింది. నాయనమ్మను కాపాడింది పెంకుల మధ్య సందులు. బొగ్గు సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చేరవలసిన చోట అంతకు రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, మత్తు. చలిజ్వరమేమో అనుకుని ఇంకా ముసుగు తన్ని పడుకుంటాం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ఇంకేమీ ఆలోచించకుండా తలుపులు తెరిచి బయటికి రండి. ఆ వారం టెక్సాస్‌లో మూసిన గ్యారేజీలో కారు స్టార్టు చేసి వెచ్చదనానికి కూర్చున్నవాళ్లు ఉన్నారు, ఇంటి లోపల జనరేటరు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. మొత్తం చనిపోయినవారు 246 మంది అని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ తేల్చింది. చలికి తట్టుకోలేక పోయినవాళ్లే ఎక్కువ. వేడి కోసం చేసిన పనికి పోయినవాళ్లూ ఉన్నారు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండో లెక్క.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన కాలనీలో పాత ఇళ్లు పడగొట్టి కట్టిన అపార్ట్‌మెంట్లు చూడండి. రబ్బరు అంచుల కిటికీలు, లారీ వెళ్లినా చప్పుడు రాదు. వెంటిలేటరు ఉండవలసిన చోట ఏసీ ఉంది. ఇల్లు పూర్తిగా మారిపోయింది. చలి వేస్తే మన చేయి మాత్రం ఇంకా కుంపటి కోసమే వెతుకుతుంది.

రెండేళ్ల కిందట మా సెల్లారులో ఇది కళ్లారా చూశాను. మెట్ల కింద వాచ్‌మన్ గది ఉంది, మంచం పడితే మనిషి పట్టడు. అతనూ భార్యా ఇద్దరు పిల్లలూ అందులోనే. రాత్రి పదకొండుకు కారు పెట్టి వస్తుంటే తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు కనిపించింది. పాత నూనె డబ్బాలో బొగ్గులు, తలుపుకు లోపల గడియ. ఆ గదికి కిటికీ లేదు. తలుపు కొట్టి డబ్బా బయట పెట్టించాను. ఆ తల్లి నన్ను చూసిన చూపు మరిచిపోలేను. పిల్లల దగ్గరి వెచ్చదనం లాక్కుపోయిన ముసలాయన నేను. ఆమె కోపం న్యాయమే. డబ్బా తీయించినవాడు ఏదో ఒకటి ఇవ్వాలి కదా. ఇంట్లో అటక మీద ఉన్న గొంగడి తెచ్చి ఇచ్చాను. మర్నాడు మేస్త్రీని పిలిచి గోడకు పైన జానెడు కన్నం కొట్టించి జాలీ పెట్టించాం.

గొంగడి అన్నాను కాబట్టి ఒక మాట. కురుమలు దక్కన్ గొర్రెల ఉన్నితో నేసేది. నూలుకు చింతగింజల గంజి పట్టిస్తారు, అందుకే మొదట్లో అట్టలా ఉండి గుచ్చుకుంటుంది. వాడగా వాడగా మెత్తబడుతుంది. వానకు తొందరగా తడవదు. నేల మీద పరిస్తే బండ చలి పైకి రాదు. చలంతా పైనుంచే వస్తుందన్నట్టు రెండు రగ్గులు కప్పుకుంటాం, కింద మాత్రం ఒక్క చాప. కింద కూడా ఒకటి వేసి చూడండి.

ధనుర్మాసం కాబట్టి ఇంకొకటి, తిట్టుకోకుండా వినండి. నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం చేసే పెద్దవాళ్లు ఇక్కడున్నారు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే పుణ్యం ఏమీ తగ్గదు. నడక కూడా ఎండ వచ్చాకే. పార్కులో ఆ వేళకు బల్లలు ఖాళీగా ఉండవని అభ్యంతరం చెబుతారు, నాకు తెలుసు.

భోగి మంటలకు నా అడ్డు లేదు. ఆరుబయట ఎంతైనా వేయండి, టైర్లు మాత్రం వద్దు.

చివరిగా ఒక చిన్న పని. గ్యాసు గీజరు స్నానాల గది లోపలే ఉన్నవాళ్లు చేతులెత్తండి. మొహమాటం వద్దు, ఎత్తండి. ఒకటి, రెండు... తొమ్మిది. తలుపు మూసిన చిన్న గదిలో గ్యాసు మండుతోందంటే అది గోడకు తగిలించిన కుంపటే. దాన్ని బయటి గోడకు మార్చాలి, నీళ్ల గొట్టం మాత్రమే లోపలికి రావాలి. మన ప్లంబరును ఇవాళ కావాలనే పిలిపించాను, అదిగో చాయ్ ఫ్లాస్కు పక్కన నిలబడ్డాడు. ఆ తొమ్మిది మందీ తాగేలోపు అతనికి ఫ్లాటు నంబరు చెప్పి వెళ్లండి.